గుడ్డకు రంగు అంటితే పెయింటు చచ్చినట్టు కాదు

పాత లారీలున్న వాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక సందేశం తిరుగుతోంది. వెలిసిన రంగును గుడ్డతో రుద్దినప్పుడు గుడ్డకు రంగు అంటిందంటే పెయింటు చచ్చిపోయిందట, రేకు తేలేదాకా గీకించి కొత్త రంగు వేయించాలట. అంత డబ్బు లేనివాళ్లు కిరోసిన్‌లో కొబ్బరినూనె కలిపి తుడిస్తే చాలట. మెరుపు కావాలంటే బఫింగ్ మిషన్ (గుండ్రంగా తిరుగుతూ మెరుగుపెట్టేది) గట్టిగా నొక్కాలట. ఇది నమ్మి మా మిర్యాలగూడలో ఒకాయన తండ్రి నడిపిన టాటా లారీ క్యాబిన్ మొత్తం గీకించాడు. తలుపు మీద చేతితో రాసిన అక్షరాలు కూడా పోయాయి. అది చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు గుడ్డ సంగతి. ఇప్పటి కార్లలో రంగు మీద క్లియర్ కోటు అనే రంగులేని రక్షణ పొర ఉంటుంది. అక్కడ గుడ్డకు రంగు అంటితే పై పొర అరిగిపోయిందని కంగారు పడాల్సిందే. పాత లారీ అలాంటిది కాదు. కంపెనీ నుంచి చాలావరకు ఛాసిస్ (ఇంజిను, చక్రాలున్న చట్రం) మాత్రమే వచ్చేది. క్యాబిన్, బాడీ ఇక్కడి షెడ్లలో కట్టి ఎనామెల్ పెయింటు వేసేవారు, పైన క్లియర్ కోటు ఉండదు. ఏళ్ల తరబడి ఎండకు పై పొరలో రంగుపొడిని పట్టి ఉంచే రెసిన్ చెడిపోయి, పట్టు వదిలిన ఆ పొడి సుద్దలా తేలుతుంది. గుడ్డకు అంటేది ఆ పొడే. దాని కింద రంగు బతికే ఉంటుంది.

మా ఎర్ర క్యాబిన్ మీదే చేసి చూశాను. తలుపు మూలలో అరచేయంత చోటు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక సన్నరకం రబ్బింగ్ కాంపౌండు (పై పొరను కొద్దికొద్దిగా అరగదీసే ముద్ద) మెత్తని గుడ్డకు పెట్టి రుద్దాను. మొదటి గుడ్డకు పాలిపోయిన గులాబీ రంగు అంటింది, రెండోదానికి ముదురెరుపు. మూడో గుడ్డ తీసేసరికి తలుపులో నా వేళ్ల నీడ కనబడింది. అక్కడే ఆపేశాను, ఇంకా రుద్దితే తరిగేది మంచి రంగే.

కిరోసిన్ తుడవగానే రంగు ముదురుతుంది, నిజమే. నీళ్లు చల్లినా ముదురుతుంది. సుద్దపొడి సందుల్లో తడి నిండడం వల్ల వచ్చే నిగారింపు అది, ఆరగానే తెల్లదనం తిరిగొస్తుంది. కొబ్బరినూనె అవిసెనూనెలా గట్టిపడదు, జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటుంది. సిమెంటు లోడ్లు తిరిగే మా రోడ్ల మీద ఆ జిడ్డును మళ్లీ తుడిచారంటే గరుకు కాగితంతో గీసినట్టే.

మిషన్ నొక్కడం మరీ ప్రమాదం. అంచుల మీద, మడతల మీద రంగు పలచగా ఉంటుంది, రెండు క్షణాల్లో రంగు కింది పూత, అంటే ప్రైమర్, బయటపడుతుంది. మే ఎండలో కాలుతున్న రేకు మీద కాంపౌండు పట్టించగానే ఎండిపోతుంది కూడా. నీడలో, రేకు చల్లబడ్డాకే పని మొదలుపెట్టాలి. కడిగాక వెంటనే పొడిగుడ్డతో తుడవండి, మా బోరు నీళ్లు ఆరితే తెల్లమచ్చలు పడతాయి.

రంగు పెచ్చులుగా లేస్తున్నా, కింద తుప్పు ఉబ్బుతున్నా ఆ మేరకు గీకక తప్పదు. అయితే పొడిగా గీకవద్దు. పాత పసుపు, నారింజ పెయింట్లలో సీసం ఉండేది. 2016 నాటి నిబంధనలు సీసానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) హద్దు పెట్టింది ఇళ్లకు వేసే రంగులకే, లారీ రంగులకు కాదు. నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

చేతితో రాసిన పేర్ల జోలికి మాత్రం మిషన్‌తో వెళ్లవద్దు. ఆ అక్షరాలు రంగు మీద వేసిన పలచని పూత. వాటి మీద టేపు అంటించి, చుట్టూ చేత్తోనే రుద్దండి.