చిన్న వ్యాపారాలకు చేయూతనిచ్చే సంస్థలకు పురస్కారం దండగా?

జాతీయ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అవార్డుల మీద ఒక సందేశం వాట్సాప్ బృందాల్లో విరివిగా తిరుగుతోంది. ఈ పురస్కారాలు పెద్దింటి వారసులకే దక్కుతాయని, ఒక్క వస్తువైనా తయారుచేయని శిక్షణ కేంద్రాలకూ ఇంక్యుబేటర్లకూ (కొత్త వ్యాపారాలు నిలదొక్కుకునేదాకా తోడ్పడే సంస్థలకూ) లక్షలు పంచిపెడుతున్నారని, ఆ సొమ్ము చిన్న వ్యాపారులకు అప్పుగా ఇస్తే ఎంతోమంది బాగుపడేవారని, ఎలాగూ ఫీజు కట్టినవారికే అవార్డు వస్తుందని అందులో ఉంది. చిన్న వ్యాపారం పెట్టుకోవాలనుకునే యువతను ఇది నిష్కారణంగా నిరుత్సాహపరుస్తోంది కనుక ఒక్కొక్క మాటనూ పరిశీలించాలి.

వారసుల మాట మొదట చూద్దాం. కేంద్ర నైపుణ్యాభివృద్ధి, వ్యవస్థాపకత మంత్రిత్వ శాఖ 2016లో ఈ పురస్కారాలను ప్రారంభించింది. 2019 నాటి నియమాల ప్రకారం పోటీదారు నలభై ఏళ్లలోపు వయసువారై, తమ కుటుంబంలో వ్యాపారంలోకి దిగిన మొదటి తరంవారై ఉండాలి; సంస్థలో కనీసం 51 శాతం వాటా వారిదే కావాలి. ప్రారంభ పెట్టుబడి లక్ష రూపాయల లోపు ఉన్నవారికి ప్రత్యేక విభాగం ఉండేది. తాతల నాటి కంపెనీని నడిపే వారసుడికి ఈ గడప దాటే అర్హతే లేదు.

అప్పుల వాదన అంకెల ముందు నిలవదు. ఆ 2019 నియమాల ప్రకారం గెలిచిన వ్యాపారికి 5 లక్షలు, చేయూతనిచ్చిన సంస్థకు 10 లక్షలు బహుమతి. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చేందుకు 2015లో మొదలైన ముద్రా పథకంలో తరుణ్ విభాగం కింద ఒక్క వ్యక్తికి ఇవ్వగలిగిన గరిష్ఠ రుణం కూడా ఆనాడు 10 లక్షలే. అంటే ఒక సంస్థకిచ్చే బహుమతిని రద్దు చేస్తే మిగిలేది ఒక్క తరుణ్ రుణానికి సరిపడే మొత్తం. పైగా ముద్రా రుణాలను ఇచ్చేది బ్యాంకులు, రుణ సంస్థలు. వాటికీ అవార్డుల పద్దుకూ సంబంధం లేదు.

అసలు విషయం రెండో ఆరోపణలో ఉంది. వస్తువు తయారుచేయని సంస్థ వ్యాపారికి ఏం చేయగలదన్న ప్రశ్నకు మన కాకినాడ అరవై ఏళ్ల క్రితమే జవాబిచ్చింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో (నేడు యూసఫ్‌గూడలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా ఉన్నది అదే) కలిసి, కాకినాడ వ్యాపారులను ఎంచి శిక్షణ ఇప్పించారు. లక్ష్యం నిర్ణయించుకోవడం, లాభనష్టాలు తూచుకుని సాహసించడం, ఫలితాన్ని తామే బేరీజు వేసుకోవడం అక్కడ నేర్పారు. తరువాత శిక్షణ పొందనివారితో పోల్చి చూస్తే, పొందినవారు కొత్త పనులకు ఎక్కువగా పూనుకున్నారని, ఎక్కువ పెట్టుబడి పెట్టారని, ఎక్కువమందికి పని కల్పించారని తేలింది. మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో నేటికీ ఉదహరించే ఈ ప్రయోగం మన గడ్డ మీద జరిగిందన్న సంగతి తెలుగువారిలో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. లెక్కలు రాయడం, లైసెన్సు తెచ్చుకోవడం, మొదటి కొనుగోలుదారుణ్ణి వెతుక్కోవడం వంటి చోట్ల తొలితరం వ్యాపారికి తోడు నిలిచేది ఇలాంటి సంస్థలే. వాటి శ్రమను గుర్తించడం దండగ ఎలా అవుతుంది?

ఇక ఫీజు మాట. ఇందులో సగం నిజముంది, అయితే అది వేరొకరికి వర్తిస్తుంది. ‘నేషనల్’, ‘భారత్’ వంటి పేర్లు తగిలించుకుని, నామినేషన్ రుసుమంటూ వేలకు వేలు వసూలు చేసి, హోటల్లో సభ పెట్టి జ్ఞాపిక చేతికిచ్చే ప్రైవేటు వేడుకలు ఉన్నాయి. ప్రభుత్వ పురస్కారంలో మాత్రం డబ్బు ప్రభుత్వం నుంచి విజేతకు వెళుతుంది. కేంద్ర ప్రభుత్వ ప్రాపకం ఉన్నట్టు స్ఫురింపజేసే పేర్లను అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోవడాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం నిషేధిస్తోంది. మీకు అలాంటి ఫోన్ వస్తే, పిలుస్తున్నది ఏ మంత్రిత్వ శాఖో అడిగి, ఆ శాఖ అధికారిక ప్రకటనతో సరిచూసుకున్న తరువాతే మాట్లాడండి.

విమర్శించదలచినవారికి ఇంతకంటే గట్టి ప్రశ్న ఒకటుంది. పురస్కారం పొందిన ఇంక్యుబేటరు తీర్చిదిద్దిన వ్యాపారాల్లో మూడేళ్ల తరువాత ఎన్ని నడుస్తున్నాయి, వాటిలో ఎంతమందికి పని దొరుకుతోంది అన్న వివరాలను విజేతల జాబితాతో పాటు ప్రచురించాలని మంత్రిత్వ శాఖను అడగాలి.