చింతపిక్కల ముప్పు

మూడేళ్ల పిల్లలు ఆడుకుంటున్నారు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో, పట్టపగలు, వీధి అరుగుల మీద. పెద్దలెవరికీ టెన్షన్ లేదు. అందుకే ఈ హెచ్చరిక.

మా మనవరాలికి మూడున్నరేళ్లు. ఊళ్లో పేరున్న బడిలో నర్సరీలో వేశాం. బోర్డు మీద 'ప్లే వే' అని చూసి ముందు కంగారుపడ్డాను. లోపలికి వెళ్లాక మనసు కుదుటపడింది. ఆటగది ఉంది, దానికి తాళమూ ఉంది. అద్దాల బీరువాలో రంగుదిమ్మలు కవరు విప్పకుండా భద్రంగా ఉన్నాయి. "అడ్మిషన్లప్పుడు తెరుస్తామండీ" అన్నారు మేడమ్. కిండర్‌గార్టెన్ అంటే జర్మన్‌లో పిల్లల తోట. 1840లో ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త ఆ పేరు పెట్టాడు, ఆటే పిల్లల చదువన్నాడు. ఆయన మాట మా బడి తీసెయ్యలేదు. తోట ఉంది, కాంపౌండు గోడ మీద, ఆయిల్ పెయింటుతో. ఎంతసేపు చూసినా మట్టి అంటదు.

గొడవంతా ఇంట్లోనే. మా ఆవిడ అటక మీంచి వామనగుంటల పీట దించింది. పద్నాలుగు గుంటలు, రెండు గుప్పిళ్ల చింతపిక్కలు. పిల్ల ఒక్కో గుంటలో ఒక్కోటి వేస్తూ, పెదాలు కదుపుతూ, నా వంతు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటోంది. "తాతా, నీ గుంటలో నాలుగే!" అని ముందే లెక్క చెప్పేస్తోంది. అదే పిల్ల బడి కాపీలో నాలుగంకె తిరగేసి రాస్తే మేడమ్ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. నేను మేడమ్ పక్షమే. ఫీజు లేదు, రసీదు లేదు, అది చదువెలా అవుతుంది?

వీధిలో ఇంకా ఘోరం. ఎదురింటి పిల్లలతో 'పుచి' అనే ఒడియా గెంతులాట ఆడుతూ, ఒడియాలో పేచీ పెట్టి, ఒడియాలోనే రాజీపడుతోంది. నలభై ఏళ్లుగా ఇక్కడుంటున్న నాకు కూరల బేరానికి మించి ఆ భాష రాలేదు. సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తిగారు తిరిగిన ఊరు కదా, ఆ గాలింకా పోలేదు.

పోనీ ప్రభుత్వమైనా ఆదుకుంటుందా అంటే, 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే చదువు చెప్పమంటోంది. అంగన్వాడీలో ఆ ఆటపాటలకు డబ్బు కట్టక్కర్లేదు కూడా. అందుకే మా వీధిలో స్తోమతున్నవాళ్లెవరూ పిల్లల్ని అటు పంపరు.

కనక నా డిమాండు ఒక్కటే: ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు చింతపండు గింజ తీసిందే అమ్మాలి.

మొన్న ఆదివారం పిల్ల బడి ఆట మొదలెట్టింది. నన్ను గోడవారగా కూచోబెట్టి, నోటిమీద వేలేసుకోమంది. పలక చేతికిచ్చి నాలుగు వెయ్యమంది. చక్కగానే వేశాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్ర క్రేయానుతో చుట్టూ సున్నా చుట్టింది.

"మళ్లీ రాయి తాతా."

రాస్తున్నాను.