"పాత పార్ట్ తెచ్చారా?"

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కొట్టుకు వెళితే, ధర చెప్పేముందు ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "పాత పార్ట్ తెచ్చారా?" నూనె మరకల కాగితంలో చుట్టి తీసుకెళ్లిన నా యమహా ఆర్ఎక్స్100 బైకు పిస్టన్‌ను వెలుతురుకు తిప్పి చూసిన కొట్టు పెద్దాయన, ఒక పక్కే ఎక్కువ అరిగిందని గమనించి, "ముందు కనెక్టింగ్ రాడ్ వంగిందేమో చూపించుకోండి, పిస్టన్ తర్వాత కొందురుగాని" అని బేరం వదులుకుని మరీ పంపించారు.

ఆనాటి "పెర్ఫార్మెన్స్" పని, అంటే బండి జోరు పెంచడం, లేత్ మిషన్ దగ్గరే జరిగేది. సిలిండర్ బోరు తీయించి 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం, పెట్రోలు, పొగ వెళ్లే దారులైన పోర్టులు ఆకురాయితో సరిచేయడం, పెట్రోలు వదిలే కార్బురేటర్ జెట్ మార్చడం చేతికి తెలిసిన విద్యలు. చైను తిప్పే ముందు పళ్లచక్రం (స్ప్రాకెట్)లో ఒక పన్ను తగ్గిస్తే పికప్ పెరుగుతుందని, టాప్ స్పీడు మాత్రం పడిపోతుందని మెకానిక్ ముందే చెప్పేవాడు.

ఆ రోజులన్నీ బంగారమని నేను అనను. డూప్లికేట్ బేరింగులు అప్పుడూ ఉన్నాయి, మనిషిని చూసి ధర చెప్పడమూ ఉంది. ఇప్పుడు పార్ట్ నంబరు కొడితే ఎమ్మార్పీతో సహా ఫోనులో కనిపించడం మారుమూల పల్లెలోని మెకానిక్‌కు నిజమైన మేలే.

నా అభ్యంతరం రంగురంగుల లైట్ల కింద సైలెన్సర్లు వేలాడదీసి, దానినే పెర్ఫార్మెన్స్ అని అమ్మే కొట్ల మీద. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో పెట్రోలు ఎంత వెళ్లాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది కాబట్టి, దాని లెక్క సరిచేయకుండా సైలెన్సర్ ఒక్కటే మారిస్తే పెరిగేది ముఖ్యంగా చప్పుడే. ల్యాప్‌టాప్ పెట్టి ఆ లెక్క సరిచేయగల నిపుణులు లేకపోలేదు; వారి నైపుణ్యం ఆ పాత లేత్ పనికి ఏమాత్రం తీసిపోదు. అయితే అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతున్న సంగతిని బిల్లు రాసేటప్పుడు ఎంతమంది చెబుతున్నారు?

మొన్న క్లచ్ కేబుల్ కోసం వెళ్లినప్పుడు కౌంటర్‌లోని కుర్రవాడు పార్ట్ నంబరు మాత్రమే అడిగాడు. పాతది సంచిలో ఉందన్నా చూడలేదు. ఇంటికొచ్చి కొలిస్తే కొత్తది రెండంగుళాలు పొట్టి. తిరిగి తీసుకెళ్తే బిల్లు వెనక్కి తిప్పి, "రిటర్న్ లేదని రాసుంది కదా సార్" అన్నాడు.