నోట్లో మానని పుండుకి బీకాంప్లెక్స్ ఏంటండీ బాబూ

మా గోదావరి జిల్లాల్లో నోట్లో పుండు పడిందంటే ఎవరికీ అనుమానం రాదు. వేడి చేసిందంతే. రాత్రుళ్లు రొయ్యల చెరువు గట్టు మీద మేలుకున్నాడు కదా, వేడి. కొత్తావకాయ గట్టిగా లాగించాడు కదా, వేడి. రెండు బొండాలు తాగించి, మెడికల్ షాపులో బీకాంప్లెక్స్ కొని ఇస్తారు. మామూలు పుండైతే పదిరోజుల్లో దానంతటదే మానుతుంది, పేరు మాత్రం మాత్రకి వస్తుంది. మానని పుండుకి కూడా అదే మాత్ర నెలల తరబడి మింగుతారు చూడండి, నా ఒళ్లు మండేది అక్కడే. అలా మానని పుండు నోటి క్యాన్సర్ కావచ్చండీ.

2022లో మన దేశంలో కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు సుమారు 1.43 లక్షల మందని అంతర్జాతీయ అంచనా. ఆ ఏడాది దీనితో పోయినవాళ్లు దాదాపు 80 వేలు. ప్రపంచంలో బయటపడే ప్రతి మూడు కేసుల్లో ఒకటి మనదే. మన మగవాళ్లకొచ్చే క్యాన్సర్లలో మొదటిది ఇదే.

ఈ మాట ఎత్తగానే ఒకాయన తయారు. "మా తాత లంక పొగాకు చుట్ట కాల్చి తొంభయ్యేళ్లు బతికాడండీ!" బతికిన తాత అరుగు మీద కనిపిస్తాడు కాబట్టి చెప్తున్నారు. యాభై అయిదుకే పోయిన పక్కింటి తాత గోడ మీద ఫొటోలో ఉన్నాడు, ఆయన్నెవరూ ఉదాహరణకి తీసుకోరు. కోస్తాలో, ముఖ్యంగా ఉత్తరాంధ్ర వైపు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ రావడం మీద పరిశోధనలే జరిగాయి. (రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధనా కేంద్రం పెట్టారు. పంట మీద అంత శ్రద్ధ పెట్టాం. రైతుని అనడం లేదు లెండి.)

ఇప్పటి కుర్రాళ్లకి చుట్ట మోటు. వాళ్లది పొట్లం. గుట్కా నిషేధం కదా అంటారేమో. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి, అరచేతిలో కలుపుకోవడమే. అది బుగ్గలో ఎక్కడ దాచుకుంటాడో సరిగ్గా అక్కడే, బుగ్గకీ చిగురుకీ మధ్య, రోగం మొదలవుతుంది. దానికి తాగుడు అలవాటు కూడా తోడైతే ముప్పు రెండింతలతో ఆగదు.

"నాది జర్దా లేని వక్కపొడేనండీ" అనే అమాయకులకి ఇంకో కబురు. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. వక్క నమిలేవాళ్లకి బుగ్గల లోపల చర్మం అట్టగట్టి, కారం తగిలితే భగ్గుమని, నోరు కొంచెంకొంచెంగా బిగుసుకుపోతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లు మనవి. నిలువుగా మూడు వేళ్లు పట్టని నోటికి పులస ముక్క ఎలా అందిస్తారు?

చిన్నగా ఉన్నప్పుడే, మెడలోని లింఫు గ్రంథులకి పాకకముందే పట్టుకుంటే నూటికి ఎనభై మంది దాకా అయిదేళ్లు దాటి బతుకుతారు. మన దేశంలో మొత్తం మీద చూస్తే సగం మంది కూడా దాటడం లేదు, ఎందుకంటే ఎక్కువమంది మూడో దశలోనో నాలుగో దశలోనో వస్తున్నారు. అప్పుడు దవడ ఎముక కూడా కోయాల్సి రావచ్చు, ఆపైన రేడియేషన్. ప్రభుత్వ కార్డు మీద ఆపరేషన్ అవుతుంది, నిజమే. కానీ పోయిన దవడ, పోయిన మాట కార్డు మీద రావు.

ఇదేమన్నా లివర్ లోపలి రోగమా, స్కానింగ్ తీయడానికి? నోరు తెరిస్తే కనపడుతుంది! తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి మామూలు ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి నోళ్లు చూడమన్నారు. పొగాకో, తాగుడో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయని 2005లో ఫలితాలొచ్చాయి.

మన దగ్గరా ముప్పై దాటినవాళ్లందరికీ నోరు చూడాలని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. ఊళ్లో ఆరోగ్యం చూసే ఏఎన్ఎం అమ్మాయి పగలు పదకొండింటికి వస్తుంది. ఆ టైములో ఇంట్లో ఉండేది ముసలమ్మలే. బుగ్గలో తెల్ల మచ్చో ఎర్ర మచ్చో, రెండు వారాలైనా మానని పుండో ఉన్నవాడు చెరువు మీదో, లోడింగ్ దగ్గరో ఉంటాడు. రొయ్యల కాటా పడే చోటికి, లారీ స్టాండుకి, సాయంత్రం ఆరు దాటాక ఒక టార్చిలైటు పట్టుకుని వెళ్లే ఏర్పాటు చెయ్యండి సార్. ఆ అమ్మాయిని ఒంటరిగా పంపకండి, తోడు ఒక మగ ఉద్యోగిని వెయ్యండి.