ఎన్ని జతలు సార్?

రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్షలో నా హెచ్‌బీఏవన్‌సీ 6.1 అని రిపోర్టు వచ్చిన రోజే మా ఇంట్లో పంచదార డబ్బా అటకెక్కింది. 5.7 నుంచి 6.4 మధ్యలో ఉంటే షుగర్ వచ్చేసినట్టు కాదు, గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుకుంటోందన్నమాట అని మా ఆవిడకి ధైర్యం చెప్పబోయాను. "అయితే తలుపేసెయ్యాలి కదండీ" అంది. వేసేసింది.

నేను రోజుకి ఐదు టీలు తాగుతాను, టీకి రెండు చెంచాలు, చెంచాకి నాలుగు గ్రాములు, అంటే నెలకి ఒక్క టీలోనే కిలో రెండువందల గ్రాముల పంచదార లోపలికి పోతోందని ఆవిడ లెక్క కట్టి కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. ఆ లెక్కలో తప్పు వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది, దొరకలేదు. మా నాన్నగారిది అనకాపల్లి దగ్గర పల్లెటూరు కాబట్టి ఆయన లెక్క వేరు. ఆయన దృష్టిలో పంచదార జబ్బు, బెల్లం మందు. బెల్లంలో కూడా ఎక్కువ భాగం ఉండేది ఆ చక్కెరేనని మా అమ్మాయి సైన్సు పుస్తకం పట్టుకొచ్చి చెప్పబోతే, "ఆ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా చెరుకు గానుగ దగ్గర నిలబడ్డాడా?" అని అడిగారు. పిల్ల దగ్గర జవాబు లేదు.

పంచదార తర్వాత వంతు తెల్లన్నానిది. ఐక్యరాజ్య సమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు, ఆ బాకీ అంతా ఇప్పుడు వడ్డీతో తీర్చాలని నిర్ణయమైంది. కొర్రలు తెమ్మంది. పైగా "పాలిష్ పట్టనివే తేవాలి, పైపొర పోతే పీచంతా పోయినట్టే" అని వీధి మలుపు దాకా వినపడేలా చెప్పింది.

ఆర్గానిక్ షాపులో కిలో నూట ముప్పై. గాజు సీసాలో పెట్టి, సీసా మెడకి జనపనార తాడు కట్టి అమ్ముతున్నారు. ఆ తాడు ఖరీదు కూడా మన నెత్తినేగా అని నాకు అనుమానం వచ్చి పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళాను. అక్కడో సందులో చిన్న కొట్టు, బయట గోనె సంచులు, సంచిలో కొర్రలు. బంగారం రంగులో నిగనిగలాడుతున్నాయి, చెయ్యి పెడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. కిలో అరవై. లోపల నాలుగైదు పంజరాలు వేలాడుతున్నాయి, వాటిలో పచ్చవీ నీలంవీ పిట్టలు. కొట్టాయనకి పిట్టలంటే ఇష్టం కాబోలు, మంచి మనిషి అనుకున్నాను.

"పాలిష్ పట్టనివేనా?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పాలిష్ ఎవరు పడతారు సార్ వీటికి? పొలంలోంచి ఎలా వచ్చాయో అలాగే" అన్నాడు. ఇంతకన్నా ఆర్గానిక్ ఇంకేముంటుంది!

"ఎన్ని జతలు సార్?" అన్నాడు.

ఇంట్లో ఎంతమంది అని అడక్కుండా ఎన్ని జంటలు అని అడగడం నాకు ముచ్చటేసింది. నేనూ మా ఆవిడా, అమ్మా నాన్నా. "రెండు జతలు. ఒక పిల్ల" అన్నాను.

"పిల్ల ఎగురుతోందా?"

"ఎగరడమా! చెప్తే వినడం ఎప్పుడో మానేసింది."

"అయితే నెలకి రెండు కిలోలు చాలు. పొద్దున్నే పెట్టండి, సాయంత్రం పెడితే సగం పారబోస్తాయి" అన్నాడు. 'పారబోస్తారు' అనాల్సిన చోట 'పారబోస్తాయి' అన్నాడేమిటని ఒక్క క్షణం అనిపించింది. యాస అనుకున్నాను. మన విశాఖపట్నంలో రకరకాల ఊళ్ళవాళ్ళు ఉంటారు, భాష దగ్గర అంత పట్టింపు పనికిరాదని నన్ను నేనే మందలించుకున్నాను కూడా. పోతూపోతూ ఒక తెల్లటి బిళ్ళ చేతిలో పెట్టి, "సముద్రపు నురుగు సార్, ఊరికే ఇస్తున్నా, వేలాడదీయండి, మంచిది" అన్నాడు. ఇంటికి తెస్తే అమ్మ దాన్ని పటిక అనుకుని, దిష్టికి మంచిదేనని గుమ్మానికి నిమ్మకాయ పక్కన కట్టేసింది.

రాత్రి నానబెట్టి పొద్దున్నే కుక్కర్లో పెట్టింది మా ఆవిడ. మూడు విజిల్స్ తర్వాత మూత తీస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, కొర్రలు కొర్రల్లాగే ఉన్నాయి. మళ్ళీ పెట్టింది. ఆరు. మళ్ళీ పెట్టింది. తొమ్మిదో విజిల్‌కి పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టి "చుట్టాలొచ్చారేంటి, మటనా?" అని అడిగింది. కొర్రలండీ అని చెప్పుకోలేక మా ఆవిడ ఔనన్నట్టు నవ్వింది.

అందరం కూర్చున్నాం. వంకాయ కూర, పప్పు, మధ్యలో కొర్రన్నం అనబడేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆర్కే బీచ్‌లో చెప్పుల్లేకుండా నడిచినట్టు ఉంది, కాకపోతే నాలుకతో. నమలగా నమలగా ఒక్కో గింజ లోపల్నుంచి చిటుక్కున పగులుతోంది, పైతొక్కు మాత్రం పళ్ళ సందుల్లో స్థలం రిజర్వు చేసుకుంటోంది. "పీచు పదార్థం అంటే ఇదే, అలవాటు పడాలి" అని నేను ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాను. నాన్నగారు ఏమీ మాట్లాడకుండా లేచి వాష్‌బేసిన్ దగ్గరికెళ్ళి, కట్టుడు పళ్ళ సెట్టు చేతిలోకి తీసుకుని కుళాయి కింద తిప్పి తిప్పి కడిగారు, వెలుతురుకి ఎత్తి చూశారు, మళ్ళీ కడిగారు. వచ్చి కూర్చుని కంచం ఒక అంగుళం ముందుకి జరిపారు. ఆయన అంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు.

అమ్మ ఒక గింజ అరచేతిలో వేసుకుని బొటనవేలి గోరుతో నొక్కింది. నిగనిగలాడే డొప్ప రెండుగా చీలి, లోపల్నుంచి ఆవగింజంత పాలిపోయిన పసుపు గింజ బయటికొచ్చింది.

"ఏట్రా ఇది? ఊకైనా తియ్యలేదు. నువ్వు తెచ్చింది ధాన్యంరా, పాలిష్ లేని బియ్యం కాదు, వడ్లు!"

ఆ తర్వాత పావుగంట క్లాసు. చోళ్ళు (రాగులు), జొన్నలు, గంటెలు (సజ్జలు) అయితే కోసి నూర్చాక అలాగే పిండి పట్టించుకోవచ్చట, వాటికి డొప్ప ఉండదు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అలా కాదు, వడ్లకి ఉన్నట్టే ఒంటినిండా ఊక. అమ్మ చిన్నప్పుడు వాటిని తిరగలిలో వేసి, రోట్లో దంచి, చాటతో చెరిగితే గానీ అన్నం అయ్యేవి కాదట. పాలిష్ పట్టకూడదన్న తవుడు పొర ఆ ఊక కింద ఉంటుంది. మేం ఆర్నెల్ల వీడియోల్లో నేర్చుకున్న ఆరోగ్యమంతా ఆవిడ గోటి కింద చీలిపోయింది.

"ఊకతో ఎవరు తింటారమ్మా?" అన్నాను నీరసంగా.

"పిట్టలు" అంది.

అప్పటికి మా అమ్మాయి గుమ్మం దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. "నాన్నా, ఈ తెల్ల బిళ్ళ కటిల్ ఫిష్ ఎముకట. లవ్‌బర్డ్స్ ముక్కు అరగదీసుకోవడానికి పంజరంలో కడతారట." ఎన్ని జతలు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల ఎగురుతోందా అన్నది కూడా. పొరపాటున ఆ సంభాషణ అంతా బయటికి చెప్పేశాను, చెప్పకుండా ఉండాల్సింది.

మిగిలిన కిలోన్నర పారెయ్యడానికి మనసొప్పలేదు, తొంభై రూపాయల సరుకు. మిక్సీలో ఆపి ఆపి తిప్పి, డాబా మీద చాట పట్టుకుని చెరగడానికి నిలబడ్డాను. సముద్రం గాలి గురించి మర్చిపోయాను. చాట ఒక్కసారి ఎగరేశానో లేదో ఊక, గింజలు, పిండి కలిసికట్టుగా వెళ్ళి పక్కింటి తాడు మీద ఆరేసిన తడి దుప్పట్లకి అంటుకున్నాయి. ఐదు నిమిషాల్లో ఊళ్ళో పావురాలన్నీ ఆ దుప్పట్ల మీదే. పక్కింటావిడ ఈసారి మటనా అని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే వాకింగ్. నడకకి మాత్రం లోటు లేదు, తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కాబట్టి కాళీమాత గుడి దగ్గర మొదలెట్టి కురుసుర సబ్‌మెరైన్ దాటి చాలా దూరం వెళ్ళి వస్తాం. మా ఆవిడ రెండు అడుగులు ముందు, నేను వెనక. ఎదురుగా తెల్ల బనీను, మెళ్ళో తువ్వాలుతో ఎవరో చెయ్యి ఊపుతున్నారు. కొట్టాయన.

"సార్! బాగున్నాయా మీ జతలు? తింటున్నాయా?"

నేను షూ లేసు కట్టుకోవడానికి వంగాను. నావి లేసులు లేని షూలు.

"పెద్ద జత మానేసింది బాబూ, ఇడ్లీకి మారింది" అంది మా ఆవిడ ఆగి. "పిల్ల బానే ఉంది. ఈ మగదే, ఏం ఏరుకొస్తోందో చూసుకోకుండా తెచ్చేస్తోంది."

ఆయన పాపం నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "పంజరం తలుపు తీసి ఉంచుతున్నారా మేడం?" అన్నాడు.