ఎకరం 18 సెంట్ల విజ్ఞానం

సినిమా చూసినవాళ్లకు ఇక సంఘంలో గౌరవం లేదు. ఈ సంగతి నాకు మొన్న మా పిన్ని మనవరాలి పెళ్లిలో, రెండో బంతిలో, ముద్దపప్పు కలుపుకుంటుండగా తెలిసొచ్చింది.

ఎవరో 'బాహుబలి' ఊసెత్తారు. వచ్చి పదేళ్లు దాటినా పెళ్లి బంతుల్లో ఆ సినిమా ఇంకా ఆడుతూనే ఉంది. నేను హుషారుగా, "మొదటి భాగం మూడుసార్లు చూశానండీ, ఆ కాలకేయుల యుద్ధం ఉంది చూశారూ..." అని మొదలుపెట్టాను. పక్క కుర్చీలో కూర్చున్న మగపెళ్లివారి కుర్రాడు నావైపు జాలిగా చూశాడు.

"చూడ్డానికేముంది అంకుల్, అందరూ చూశారు. కాలకేయులు మాట్లాడే కిలికి భాషలో ఎన్ని మాటలున్నాయో చెప్పండి."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"750. వ్యాకరణ సూత్రాలు 40. తమిళ పాటల రచయిత మదన్ కార్కీ తయారుచేశాడు," అని వాడు ఆవకాయ నంజుకున్నాడు. బంతి బంతంతా వాడివైపు తిరిగింది. వడ్డించే కుర్రాడు వాడికి అడక్కుండానే రెండో గరిటె నెయ్యి పోశాడు. నాకు మొదటి గరిటే ఇంకా రాలేదు. తర్వాత కూపీ లాగితే తేలిందేమిటంటే, వాడు ఆ సినిమాలో సెకండాఫ్ మొత్తం నిద్రపోయాడు. మేకింగ్ వీడియోలు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

చేయి కడుక్కునేదాకా ఆలోచించాను. కుర్రాడిదే ఒప్పు. సినిమా చూడాలంటే రెండున్నర గంటలు పైగా కూర్చోవాలి. ఏడవాలి, ఈల వేయాలి, పార్కింగులో బండి వెతుక్కోవాలి. ఇంతా చేస్తే మిగిలేది 'బాగుంది' అన్న ఒక్క మాట. అదే తెరవెనుక విశేషమైతే అర నిమిషంలో వంటబడుతుంది, జన్మంతా చెప్పుకోవచ్చు, నెయ్యి కూడా గిట్టుబాటవుతుంది.

కిలికి సంగతే తీసుకోండి. తెరమీద కాసేపు కనబడి, అరిచి, చచ్చిపోయే ఒక తెగ కోసం మనిషి కూర్చుని 40 సూత్రాలు రాశాడు. మాటలు పుట్టించినవాడికి వీరతాడు వేయాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. 2020లో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు ఆ భాషకు వెబ్‌సైట్ కూడా తెరిచారు. ఈ వివరం కూడా ఆ కుర్రాడే చెప్పాడు. చెప్పి, పెళ్లి శుభలేఖలో 'జ్యేష్ఠ కుమారుడు' అన్నచోట ఆగిపోయి, "ఇదేంటి అంకుల్, జ కింద ఏముందిది?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు. మన వ్యాకరణానికి మేకింగ్ వీడియో ఎవరూ తీయలేదు మరి.

ఈలోగా మా బావగారు అందుకున్నారు. ఆయన కిందటేడు సెలవుల్లో కుటుంబాన్ని వెంటబెట్టుకుని కేరళలోని అతిరప్పిల్లి వెళ్లొచ్చారు. శివుడు ఎగబాకే జలపాతానికి మూలం అదేనని ఎక్కడో విన్నారు. అసలు జలపాతం ఎత్తు సుమారు 80 అడుగులు. తెరమీద ఎంతుందో మీకు తెలుసు, మేఘాల్లోంచి పడుతుంది. బావగారు అక్కడ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడి, "ఇంతేనా?" అన్నారట. ఆరుగురికి టికెట్లు, హోటలు, టాక్సీ పెట్టుకుని వెళితే, నదికి గ్రాఫిక్స్ బడ్జెట్ చాలలేదన్నది ఆయన ఫిర్యాదు. జలపాతం మీద పడ్డ ఇంద్రధనుస్సు మటుకు పర్వాలేదట.

కర్నూలు చుట్టాలు వెంటనే ఓర్వకల్లు రాళ్లను బంతిలోకి దింపారు. షూటింగ్ మొదలైంది 2013 జులై 6న, మా రాళ్ల దగ్గరే అని. అవే రాళ్ల మీద వాళ్ల తమ్ముడి ప్రీవెడ్డింగ్ షూట్ కూడా జరిగిందట. రెండింటిలో ఏది గొప్పదో తేల్చకుండా సాంబారుకు వెళ్లిపోయారు.

అసలు గొడవ పోస్టరు దగ్గర వచ్చింది. 2015లో కొచ్చిలో పరిచిన 'బాహుబలి' పోస్టరు గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. వైశాల్యం 51,598 చదరపు అడుగులు. చదరపు అడుగులంటే అపార్ట్‌మెంటు బేరంలా ఉంది, అర్థమయ్యేట్టు చెప్పమన్నారు పెద్దలు. మా ఆంధ్రా వైపు వాళ్లు సెల్‌ఫోన్లు తీసి లెక్కగట్టి, ఎకరం 18 సెంట్లు అన్నారు. తెలంగాణ వియ్యంకుల వైపు వాళ్లు కాదు, ఎకరం ఏడు గుంటలు అన్నారు. రెండూ ఒకటేనని నేను సర్దిచెప్పబోతే ఇద్దరూ నన్నే కసిరారు. ఒకాయన చాలా గంభీరంగా, ఆ పోస్టరుకు పట్టా ఎవరి పేరున ఉందని అడిగారు.

అలాగని తెరవెనుకదంతా విశేషం కిందికి రాదు. దానికో పద్ధతుంది. ఏ సినిమాకైనా మండుటెండలో కవచం తొడుక్కుని రోజంతా నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుకు ఆ రోజు బత్తెం ఎప్పుడు అందిందన్నది విశేషం కాదు. ట్రాలీ తోసినవాడి పేరు విశేషం కాదు. హీరో తిన్న గుడ్లు విశేషం. పైగా ఆ గుడ్లు ఊరు దాటేకొద్దీ పెరుగుతాయి. గుంటూరులో డజనుగా బయల్దేరినవి విశాఖ చేరేసరికి ట్రే అవుతాయి.

అంతవరకూ మౌనంగా పెరుగన్నం తింటున్న మా పెదతాతగారు అప్పుడు గొంతు సవరించుకున్నారు. ఆయన వయసువాళ్ల దగ్గర ఒకటే ఆయుధం ఉంటుంది: 1957, 'మాయాబజార్'. దర్శకుడు కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని సీన్ల నిడివి లెక్కేసేవారని, మార్కస్ బార్ట్‌లే కెమెరాతో వెన్నెల పుట్టించాడని, మీ కంప్యూటర్లు ఎందుకు పనికొస్తాయని ఏకధాటిగా చెప్పారు. కుర్రాడు తొలిసారి తగ్గాడు.

అక్కణ్ణుంచి సంగతి సహజంగానే ఎస్వీ రంగారావు గారి భోజనానికి మళ్లింది. ఆ లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎలా వెళ్లాయి? ఫిల్ము వెనక్కి తిప్పారని కర్నూలు పక్షం. సన్నటి దారం కట్టారని బావగారు. దారమైతే కనబడదా అని వియ్యంకులు. తాతగారు విస్తట్లో అప్పడం ముక్కను లడ్డూగా, కరివేపాకు రెబ్బను కెమెరాగా పెట్టి, ఏది ఏ వైపు కదలాలో చూపించడం మొదలుపెట్టారు. లేచి నిలబడి మరీ చూశాం. కుర్రాడు వీడియో కూడా తీశాడు.

మళ్లీ కూర్చుని చూసుకుంటే, లడ్డూల పళ్లెం మా బంతి దాటి మూడో వరస చివర ఉంది. వడ్డించే కుర్రాణ్ణి కేకేశాను.

"మీ బంతికి అయిపోయిందండీ. అందరూ లేచి నిలబడితే తినడం అయిందేమో అనుకున్నా."