రక్తం పొదుపు పీహెచ్‌సీ నుంచే

సిక్కోలు పల్లెల్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ రాశారంటే చాలు, రక్తం ఇవ్వడానికి విశాఖ ఎవరెవరు వెళ్లాలన్న లెక్క మొదలవుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఖర్చు గట్టెక్కినా, అన్నదమ్ములూ బావమరుదులూ కూలి మానుకుని బస్సెక్కక తప్పదు. అలాంటప్పుడు ‘రక్తం వీలైనంత తక్కువ ఎక్కిస్తాం’ అని డాక్టరు అంటే ఊరట కలగాలి. కలిగేది మాత్రం అనుమానం: రక్తం దొరక్క అలా అంటున్నారా, తక్కువ ఎక్కిస్తే ప్రాణానికి ముప్పు కాదా అని.

ఆ భయానికి ఆధారం లేదు. హిమోగ్లోబిన్ 9.5 కన్నా తగ్గగానే రక్తం ఎక్కించాలా, 7.5 దాకా ఆగవచ్చా అని 19 దేశాల్లో సుమారు 5,000 మంది గుండె ఆపరేషన్ రోగులపై పరిశోధన చేశారు. 2017లో ఫలితాలొచ్చాయి. మరణం, గుండెపోటు, పక్షవాతం, కొత్తగా డయాలసిస్ అవసరం అన్నీ కలిపి చూసినా, ఆగినవారికి ముప్పు పెరగలేదు. రక్తం అవసరమైనవారు 73 శాతం నుంచి 52 శాతానికి తగ్గారు. కాన్పుల్లో రక్తస్రావం ఆపడానికి వాడే చౌక ఇంజెక్షన్ ట్రానెగ్జామిక్ యాసిడ్‌ను బైపాస్ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం వాడకం దాదాపు సగానికి పడిపోయింది. రక్తం గడ్డకట్టే ముప్పు పెరగలేదు. ఫిట్స్ మాత్రం వెయ్యిమందిలో ఒకరి నుంచి ఏడుగురికి చేరాయి.

ఆ ఏడుగురి గురించి మన జిల్లా ప్రత్యేకంగా పట్టించుకోవాలి. ఈ మందు ఒంట్లోంచి పోయేది కిడ్నీల ద్వారానే. అవి దెబ్బతింటే మందు నిలిచిపోతుంది, మోతాదు తగ్గించకపోతే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు... ఉద్దానంలో కిడ్నీ జబ్బు ముదిరేదాకా బయటపడని మనుషులెందరో ఉన్నారు. పైగా కిడ్నీ చెడితే ఒంట్లో రక్తం తయారీ కూడా కుంటుపడుతుంది. అక్కడ ఐరన్ మాత్రలొక్కటే చాలవు.

ఆపరేషన్లో కారిన రక్తాన్ని పీల్చి, కడిగి, ఎర్రకణాలను తిరిగి ఎక్కించే సెల్ సేవర్ యంత్రమూ మంచిదే. కానీ సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవారికి దాన్ని వాడటానికి వైద్యులు వెనకాడతారు. మందస, మెళియాపుట్టి కొండల నుంచి వెళ్లే సవర గిరిజన రోగికి సికిల్ సెల్ పరీక్ష ముందే జరిగిందా?

వీటన్నిటికన్నా పెద్దది రక్తహీనత. రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి అది ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 చెబుతోంది. ఆపరేషన్లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మిషన్ గొట్టాల్లో నింపే లీటరు పైచిలుకు ద్రవం కలిసేసరికి ఒంట్లో రక్తం ఇంకా పలచబడుతుంది. హిమోగ్లోబిన్ 13తో బల్లెక్కిన మనిషి తట్టుకుంటాడు. 9తో ఎక్కిన బక్కపలచని ఆడమనిషికి రక్తం ఎక్కించక తప్పకపోవచ్చు.

అత్యవసరం కాని ఆపరేషన్లకు వారాల వ్యవధి ఉంటుంది. ఆ వారాలు ఊరికే పోతున్నాయి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి విశాఖ పంపేరోజే హిమోగ్లోబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, గిరిజనులకైతే సికిల్ సెల్ ఫలితాలు కాగితంపై ఉండాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లా వైద్యాధికారులు (డీఎంహెచ్‌వోలు) ఆదేశించాలి. మాత్రలకు సమయం లేకపోతే ఐరన్‌ను సెలైన్‌లో ఎక్కించే పని జిల్లా కేంద్రంలోనే పూర్తి కావాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు ఎప్పుడు ఆపాలో సర్జన్‌ను అడిగి చీటీ మీద తెలుగులో రాసివ్వాలి. రోగి తనంతట తాను ఆపేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఇక దాతల్ని రప్పించిన ఆసుపత్రులు, ఎన్ని యూనిట్లు అడిగిందీ ఎన్ని వాడిందీ డిశ్చార్జి కాగితంలో చూపాలి.